యుగోస్లావియా పతనము - మంజీర గట్టున ఒక పాఠము

బోధన నుండి సాలూర మీదుగా పడమటికి పోవు బాటసారి మంజీరను దాటగానే మహారాష్ట్రమున అడుగిడును. 1956కు పూర్వమచ్చట ఎల్ల లేదు. రెండు గట్లును హైదరాబాదు రాజ్యములోనివే. తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ మాటలాడు ప్రజలుగల ఆ రాజ్యము ఆ యేట మూడు ముక్కలయ్యెను. 1948లో రజాకారుల దౌర్జన్యములను, పోలీసు చర్య వెంబడి జరిగిన ఘోరములను చవిచూచిన ప్రజలే ఎనిమిదేండ్లకు శాంతముగ విడిపోయిరి. అట్లే పెక్కు జాతులతో కూడిన యుగోస్లావియా 1991లో చీలినపుడో, తరువాతి యుద్ధములలో ఒక్క బోస్నియాయందే సుమారు లక్షమంది హతులైరి. ఈ భేదమునకు కారణమేమి?

బహుజాతి రాజ్యము నిలువనేరదని కొందరందురు. కేంద్రము ఉక్కుపిడికిలి బిగించియున్నచో నిలిచియుండెడిదని మరికొందరందురు. ఈ రెండు వాదములును చరిత్రకు విరుద్ధములు.

దక్షిణ స్లావుల రాజ్యము 1918 డిసెంబరు 1న రాజరికముగ పుట్టినది. సెర్బు రాజవంశము క్రింద కేంద్రమే సర్వము. తక్కిన జాతులు అసంతృప్తితో కాలము గడపినవి. 1941లో జర్మనీ, దాని మిత్రుల దండయాత్రకు ఆ రాజ్యము కొన్ని దినములలోనే కూలెను. టిటో నాయకత్వమున పోరాడిన పార్టిజానులు 1943 నవంబరు 29న యాయిత్సే పట్టణమున సమాఖ్య సూత్రమును ప్రకటించిరి. సరిగా రెండేండ్లకు రాజరికము రద్దయి, స్లొవేనియా, క్రొయేషియా, సెర్బియా, బోస్నియా-హెర్జెగోవినా, మాంటెనెగ్రో, మాసిడోనియా అను ఆరు రిపబ్లిక్కుల కూటమి ఏర్పడెను. సెర్బియాయందు కొసొవో, వోయివోదినా స్వయంపాలిత ప్రాంతములు.

దీనిని వట్టి బూటకమని త్రోసివేయరాదు. 1948లో స్టాలినును ఎదిరించి నిలిచినది ఆ దేశము. 1950లో కర్మాగారముల పాలనను కార్మిక మండలులకు అప్పగించు శాసనము చేసినది. 1961లో అలీన రాజ్యముల ప్రథమ మహాసభ బెల్‌గ్రేడున జరిగినపుడు మన నెహ్రూపండితుడు అందు పాల్గొనెను.

మరి లోపమెచ్చట? సమాఖ్యను కట్టియుంచిన త్రాళ్లు రెండే: ఏకైక పార్టీ, ఏకైక నాయకుడు. 1980 మే 4న నాయకుడు గతించెను. అప్పటికే విదేశీ ఋణభారము పెరిగి, 1980ల ఆరంభమున సుమారు 2000 కోట్ల డాలర్లకు చేరెను. తమ సంపాదన దక్షిణమునకు తరలుచున్నదని సంపన్న స్లొవేనియా గొణిగెను. తమకేమియు దక్కుటలేదని నిరుపేద కొసొవో మొరపెట్టెను. 1989లో ధరలు ఒక్క యేటనే పదిరెట్లకు మించి పెరిగెను. ఆ యేటనే మిలొషెవిచ్ నాయకత్వమున సెర్బియా, 1974 రాజ్యాంగము కొసొవో, వోయివోదినాలకొసంగిన స్వయంపాలనను హరించెను. ఇచ్చినమాట ఒకరికి తప్పినచో రేపు తమకును తప్పునని తక్కినవారు గ్రహించిరి. 1990 జనవరిలో పార్టీ మహాసభ నుండి స్లొవేనులు లేచిపోయిరి, క్రొయేషియనులు వారిననుసరించిరి. రెండవ త్రాడును తెగెను.

ఇచ్చట పాఠకులు గమనింపదగిన విషయ మొకటి గలదు. జాతులకు విడిపోవు హక్కు కలదని ఆ రాజ్యాంగపు మూలసూత్రములలోనే వ్రాసియుండెను. కాని ఎట్లు విడిపోవలయునో, ఎవరు తీర్పు చెప్పవలయునో తెలుపు నియమము లేదు. 1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యము ప్రకటింపగా, వాదము సభను వీడి ఫిరంగులకెక్కెను. 1995 జులైలో స్రెబ్రెనీత్సాలో ఎనిమిదివేల మందికి పైగా బోస్నియా ముస్లిములు వధింపబడిరి.

మన చరిత్రయు నిష్కళంకము కాదు. తెలంగాణమును ప్రత్యేక రాష్ట్రముగ నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూడింట రెండువంతుల మంది అంగీకరించినచో ఆంధ్రతో కలుపవచ్చునని 1955లో ఫజలలీ సంఘము సూచించెను. ఆ సూచనను కాదని, 1956 ఫిబ్రవరి 20నాటి పెద్దమనుషుల ఒప్పందముపై విలీనము జరిగెను. ఒప్పందము కాగితమున మిగులగా, 1969లో ఎందరో యువకులు ప్రాణములర్పింపవలసి వచ్చెను. అయినను మనకు శాసనమార్గ మొకటి తెరచియుండెను. రాజ్యాంగపు 3వ అధికరణము ననుసరించి పార్లమెంటే 1956లో ఎల్లలు గీచెను. 2014లో మరల గీచెను.

ఆ గీతలు భాషను శుద్ధిచేయుటకు గీచినవి కావు. నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956లో నిజామాబాదు జిల్లాలో చేరినవి. అచ్చటి మరాఠీ కుటుంబములను ఎవ్వరును వెళ్లగొట్టలేదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటిని నమ్మి కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతుల క్యాంపులు 2014 పిమ్మటను ఇందూరు సీమలో నిలిచియున్నవి. బోస్నియాతో పోల్చినపుడు ఇది సామాన్యమైన భాగ్యము కాదు.

కాని ఎల్ల మారినంతనే బ్రదుకు మారదు. 1937లో బోధన శక్కర్‌నగరమున వెలసిన నిజాము చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుగాంచినది. సమైక్య రాష్ట్రమున 2002లో అది ప్రైవేటు భాగస్వామి చేతికి పోయెను. ప్రత్యేక రాష్ట్రమున 2015లో మూతపడెను. ఇందు ఒక ప్రభుత్వమునే నిందించి తృప్తిపడుట తగదు. చెరకు రైతు తోటను మార్చుకొన్నాడు. కార్మికుడు జీతము కొరకు నిరీక్షించినాడు. ప్రత్యేక రాష్ట్రము వచ్చినను ఆ కొలిమి ఆరకుండ కాపాడలేకపోయినది.

కలియుట తప్పు కాదు, విడిపోవుట పాపము కాదు. కలిసిననాడు చేసిన బాస తప్పుట, విడిపోదలచిననాడు ధర్మమార్గము లేకుండుట - ఈ రెండే అనర్థమునకు మూలములు. రాష్ట్రములకు, భాషలకు, అల్పసంఖ్యాకులకు ఇచ్చిన మాటను తేలికగ నెంచు పాలకులు ఢిల్లీలో నున్నను, హైదరాబాదులో నున్నను, బెల్‌గ్రేడు కథను ఒకమారు చదువుకొనుట వారికిని దేశమునకును మేలు.