ఆటల కీబోర్డులో తెలుగు పడదన్నదెవరు?

ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో ఏ డీటీపీ సెంటరుకైనా వెళ్ళి, "తెలుగు పనికని మెకానికల్ గేమింగ్ కీబోర్డు కొన్నా" అని చెప్పి చూడండి. మూడు మాటలు తప్పకుండా వినబడతాయి. అది ఆటలాడే పిల్లల సరుకు, రాతకోతలకు పనికిరాదు. దాంట్లో తెలుగు సరిగా పడదు, ఉన్నట్టుండి భాష మారదు, ఒత్తులు మాయమైపోతాయి. దాని మోతకు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. అదే కీబోర్డు అమ్మే దుకాణంలో అడిగితే ఇందుకు పూర్తిగా ఎదురు పాట పాడతారు: ఒక్కసారి కొనండి, మీ టైపింగ్ వేగం రెట్టింపవుతుంది.

ఉయ్యాలవాడలో ఇంటి మిద్దె గదిలో అలాంటి కీబోర్డు మీదే రోజూ తెలుగు రాసుకునేవాణ్ణి నేను. తిట్టేవాళ్ళ మాటా నిలవదు, పొగిడేవాళ్ళ మాటా నిలవదు. ఇద్దరూ ఆ వస్తువును ఆటతో కొలుస్తున్నారు. తెలుగు అక్షరంతో కొలిచినవాడు ఇద్దరిలోనూ లేడు.

మొదటి మాట, "ఆటల సరుకు". చరిత్ర తెలిస్తే ఈ మాట అనరు. మెకానికల్ కీబోర్డంటే ప్రతి కీ కింద స్ప్రింగుతో కూడిన స్విచ్ విడిగా ఉండేది. మామూలు కీబోర్డులో కీలన్నిటి కింద ఒకే రబ్బరు పొర, దాని కింద పల్చని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. 1985లో ఐబీఎం తెచ్చిన మోడల్ ఎం కీబోర్డు ప్రతి నొక్కుకూ స్ప్రింగు వంగి టక్కుమనే రకం. ఆఫీసుల్లో లెక్కలకూ ఉత్తరాలకూ దాన్ని వాడారు. నేటి గేమింగ్ కీబోర్డుల్లో కనిపించే స్విచ్‌లకు మూలమైన చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్ కూడా 1980ల నాటిదే. ఆ స్విచ్ పేటెంట్ల గడువు తీరాక చైనాలో గేట్రాన్, కైల్, ఔటెము లాంటి కంపెనీలు అదే నమూనాలో స్విచ్‌లు చేయడం మొదలుపెట్టాయి. ధర దిగింది, సరుకు మన చిన్న పట్టణాల దాకా వచ్చింది. 'గేమింగ్' అన్న చీటీ ఆఫీసుల కాలం తర్వాత అంటించింది.

అంతకు ముందు సంగతి మన పెద్దవాళ్ళనే అడగండి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసైన తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ళు తెలుగు నేర్చిందీ, కోర్టుల ముందు అర్జీలు కొట్టిందీ ఇనుప మీటల మీద. వేలి కింద కీ పూర్తిగా దిగి, పని అయిందని చేతికి తెలిసే యంత్రం తెలుగు రాతకు కొత్తదేమీ కాదు. మధ్యలో వచ్చిన మెత్తటి రబ్బరు కీబోర్డే కొత్తది.

అయితే ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. డబ్బా మీద 'మెకానికల్ ఫీల్' అనో 'మెకా మెంబ్రేన్' అనో రాసి, ఏడు రంగుల లైట్లు పెట్టి అమ్మే వాటిలో చాలావాటికి కింద ఉండేది ఆ రబ్బరు పొరే. వాటిని కొని చెడిపోయాయని మెకానికల్‌ను తిట్టేవాళ్ళు కొందరు. కీక్యాప్ ఒకటి పైకి లాగి చూడండి. అడుగున నలుచదరపు స్విచ్, దాని నడుమ కూడిక గుర్తులాంటి కాడ కనబడితే అది మెకానికల్. రబ్బరు బుడిపె మీద కూర్చున్న గొట్టం కనబడితే కాదు.

రెండో మాట, "తెలుగు పడదు". అసలు ఖండించాల్సిన మాట ఇదే. క్రీ.శ. 575 నాటిదని చెప్పే కలమళ్ళ శాసనంలో తెలుగు రాతికెక్కింది మా రేనాటి సీమను ఏలిన చోళుల కాలంలోనే. రాతి మీద పడిన తెలుగు ప్లాస్టిక్ మీద ఎందుకు పడదు? కీబోర్డుకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. మీరు నొక్కిన కీ ఏ స్థానంలో ఉందో ఆ సంకేతాన్ని మాత్రం అది కంప్యూటరుకు పంపుతుంది. ఆ సంకేతానికి ఏ అక్షరం వేయాలో తేల్చేది విండోస్‌లో మీరు ఎంచుకున్న కీల వరస (లేఅవుట్). కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అలాంటి వరసే. 2019 నుంచి విండోస్ 10లోనే దొరుకుతున్న తెలుగు ఫొనెటిక్ కూడా అంతే. డీటీపీ వాళ్ళు అను ఫాంట్లతో వాడే యాపిల్ వరసైనా కంప్యూటరు లోపల ఉండేదే. కీబోర్డు మారితే వరస మారదు.

ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి కింద, హల్లులు చాలావరకు కుడి చేతి కింద ఉంటాయి. మా ఊరి పేరే కొట్టి చూద్దాం. షిఫ్ట్ పట్టుకుని జీ నొక్కితే ఉ. ఆపైన స్లాష్, డి, స్లాష్, 'ఈ' కీలు వరసగా నొక్కితే య్యా. ఎన్‌తో ల, బి, ఈలతో వా, చివర ఎడమ బ్రాకెట్‌తో డ. తొమ్మిది నొక్కుల్లో ఉయ్యాలవాడ తయారు. లేఖిని పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే పది నొక్కులు, మూడుసార్లు షిఫ్ట్. ఏ పద్ధతైనా గేమింగ్ కీబోర్డు మీద ఒక్క నొక్కు ఎక్కువా పడదు, తక్కువా పడదు.

మరి భాష మారకపోవడం, ఒత్తులు మాయం కావడం అబద్ధమా? అబద్ధం కాదు. అవి జరుగుతాయి. కానీ జరిగేది ఆటగాళ్ళ కోసం పెట్టిన రెండు మీటల వల్ల.

ఆటలో ఉండగా పొరపాటున విండోస్ కీ తగిలితే ఆట తెర మూసుకుపోతుంది. అందుకని చాలా గేమింగ్ కీబోర్డుల్లో ఎఫ్ఎన్, విండోస్ కీలు కలిపి నొక్కితే విండోస్ కీ పనిచేయకుండా తాళం పడుతుంది. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి మనలో చాలామంది నొక్కేది విండోస్, స్పేస్‌బార్. తాళం పడితే భాష మారదు, "కీబోర్డుకు తెలుగు పడలేదు" అనేస్తారు. మళ్ళీ అవే రెండు కీలు నొక్కితే తాళం ఊడుతుంది. ఆ ఓపిక లేకపోతే ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కండి. విండోస్ మామూలు అమరికలో భాష దాంతోనూ మారుతుంది.

రెండోది ఇంకా చిత్రమైనది. ఆటల్లో మనిషిని నడిపించడానికి డబ్ల్యు, ఏ, ఎస్, డి కీలు వాడతారు. కొన్ని కీబోర్డుల్లో ఎఫ్ఎన్, డబ్ల్యు కలిపి తగిలితే ఆ నాలుగు కీలూ బాణం కీలుగా మారిపోతాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ నాలుగూ ఏమిటో తెలుసా? ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. తెలుగులో ఒత్తు పడాలంటే నడుమ పొల్లు ఉండాల్సిందే. 'అమ్మ' రాయాలన్నా, 'అన్న' రాయాలన్నా డి కీ తగలాలి. ఆ డి కీ బాణంగా మారిన నాడు మకారం కింద ఒత్తు దిగదు, కర్సర్ కుడికి జరుగుతుంది. ఏత్వం కోసం ఎస్ నొక్కితే కింది వరుసకు పోతుంది. ఫొనెటిక్‌లో రాసేవాళ్ళకు 'ఏ' అనే కీ పోతే ఇక అకారమే పోయినట్టు. ఇదంతా చూసి కీబోర్డుకు దయ్యం పట్టిందని దుకాణానికి తిరిగి మోసినవాళ్ళున్నారు. మళ్ళీ ఎఫ్ఎన్, డబ్ల్యు నొక్కితే దయ్యం దిగుతుంది. ఏ మీట ఎక్కడుందో డబ్బాలోని చీటీలో రాసే ఉంటుంది. డబ్బాతో పాటు ఆ చీటీనీ పారేసి నేరం కీబోర్డు మీద వేయడం న్యాయం కాదు.

తెలుగుకు నిజంగా అడ్డొచ్చే దోషం ఒకటి ఉంది. తిట్టేవాళ్ళు దాన్ని పట్టుకోలేదు. పొగిడేవాళ్ళు దాన్నే గొప్పగా చెబుతున్నారు. చిన్న కీబోర్డుల మోజు అది. అరవై శాతం అని పిలిచే పొట్టి కీబోర్డుల్లో పైన ఎఫ్ వరుస ఉండదు, పక్కన అంకెల గడి ఉండదు. ఎస్కేప్ కీ కిందికి దిగి, ఒకటో అంకెకు ఎడమ పక్కన ఉండే బ్యాక్‌టిక్ చోటును ఆక్రమిస్తుంది. అరవై అయిదు శాతం రకాల్లోనూ చాలావాటిది ఇదే తీరు. ఇంగ్లీషు రాసేవాడికి బ్యాక్‌టిక్ పోయినా ఏమీ పోదు. హిందీవాడికీ పోదు, ఎందుకంటే హిందీకి హ్రస్వ ఒకారంతో పని లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ కీ మీద ఉన్నది సరిగ్గా మన ఒత్వం. షిఫ్ట్‌తో నొక్కితే ఒ.

కొత్త, పొలం, గొర్రె, నొప్పి, సొమ్ము: ఒత్వం లేకుండా పల్లె జీవితంలో ఏ మాట రాస్తారు? పొట్టి కీబోర్డు మీద ఒత్వం పడాలంటే ప్రతిసారీ ఎఫ్ఎన్ పట్టుకుని ఎస్కేప్ నొక్కాలి. 'ఒక' అని రాయాలంటే మొదటి అక్షరానికే మూడు వేళ్ళు కావాలి. బల్ల మీద చోటు కలిసొస్తుంది, అందరికీ అదే మేలని సిఫారసు చేసేవాళ్ళు తెలుగువాళ్ళైనా సరే, ఆ మాట ఇంగ్లీషు రాతను మనసులో పెట్టుకుని చెప్పిందే. ఈ దోషానికి మెకానికల్ స్విచ్ కారణం కాదు. కత్తిరింపు కారణం. పూర్తి కొలత కీబోర్డులోనూ, అంకెల గడి మాత్రమే తీసేసిన టీకేఎల్ రకంలోనూ బ్యాక్‌టిక్ తన చోటే ఉంటుంది.

ఇక అమ్మేవాళ్ళ వేగం కబుర్లు. ఎన్ని కీలు ఒకేసారి నొక్కినా అన్నీ పడతాయంటారు. మామూలు యూఎస్‌బీ పద్ధతిలోనే షిఫ్ట్, కంట్రోల్ లాంటివి కాక ఆరు కీలు ఒకేసారి చెల్లుతాయి. తెలుగులో ఒక అక్షరం వెంట ఒక అక్షరం వస్తుంది. షిఫ్ట్‌తో కలిపి రెండు కీలకు మించి ఒకసారి పట్టుకునే అవసరమే రాదు. సెకనుకు వెయ్యిసార్లు సంకేతం పంపుతుందంటారు. మామూలు కీబోర్డు 125 సార్లు పంపుతుంది, అంటే ఎనిమిది మిల్లీసెకన్లకు ఒకసారి. నిమిషానికి అరవై ఇంగ్లీషు మాటలు కొట్టే చేయి తిరిగిన టైపిస్టుకైనా రెండు నొక్కుల మధ్య దాదాపు 200 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. మిగిలిన ఏడు మిల్లీసెకన్లకు డబ్బు పోస్తే వేగం రెట్టింపు కాదు. వేళ్ళకు వరస వచ్చి, తెర మీది నుంచి చూపు దించకుండా రాసే నాడు వేగం వస్తుంది. దాన్ని ఏ దుకాణమూ అమ్మదు.

మూడో మాట, మోత. "ఏందన్నా, రాత్రి పొద్దుపోయిందాకా ఏం కొడ్తాండావు, టకటకా టకటకా?" అని పక్క మిద్దె మీద పడుకున్నవాళ్ళు అడిగారంటే వాళ్ళ తప్పు లేదు. కానీ ఆ మోత, రంగుల పేర్లతో పిలిచే స్విచ్‌లలో నీలం రకానిది. నీలం రకంలో టక్కుమనడానికే లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. ఎర్ర రకంలో అది ఉండదు. చెర్రీ ఎర్ర స్విచ్ దిగడానికి 45 సెంటీన్యూటన్ల బలం చాలు. నాలుగు మిల్లీమీటర్ల దారిలో రెండు మిల్లీమీటర్లు దిగేసరికే అక్షరం పడుతుంది. కీ అడుగుకు తగిలేదాకా గుద్దనవసరం లేదు. చేయి తేలికైతే సగం చప్పుడు అక్కడే పోతుంది. గోధుమ రకం ఈ రెంటికీ నడుమ: వేలికి మెట్టు తెలుస్తుంది, చెవికి టక్కు వినపడదు. చప్పుడు ఉంటేనే అసలు మెకానికల్ అనేవాళ్ళకు ఒకటే జవాబు: ఆళ్లగడ్డ శిల్పి ఉలి కొనేటప్పుడు మోత విని కొనడు, మొన చూసి కొంటాడు.

లైట్లు కరెంటు తాగుతాయన్నది ఇంకో అపవాదు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగింది ఐదు వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. మీ వరండాలోని తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులో మూడో వంతు కూడా కాదు. అయితే ఆ వెలుగులో కనపడేవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు రాసేవాడికి లైట్లు పండగే తప్ప ఉపయోగం కాదు.

ఒప్పుకోవాల్సిన ఫిర్యాదు మరొకటి మిగిలింది: ఒక నొక్కుకు రెండు అక్షరాలు పడటం. స్విచ్ లోపలి లోహపు రేకు తగిలినప్పుడు అతి స్వల్పకాలం అదురుతుంది. ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా కీబోర్డు లోపలి చిప్ కాసేపు ఆగుతుంది. దుమ్ము చేరినా, రేకు అరిగినా అదురు పెరిగి ఒక నొక్కు రెండుగా చెల్లుతుంది. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిచ్చి గాలికి లేచే మా కుందూ సీమలో దుమ్ము సంగతి కొత్తగా చెప్పాలా? ఇంగ్లీషులో ఇది అక్షరదోషంతో పోతుంది. తెలుగులో పొల్లు రెండుసార్లు పడితే అక్షరం పక్కన చుక్కల సున్న లేస్తుంది. కీబోర్డు మీద గుడ్డ కప్పడం, కీక్యాప్‌లు తీసి బ్రష్షుతో దులపడం దీనికి ముందు జాగ్రత్త. హాట్‌స్వాప్ రకమైతే చెడ్డ స్విచ్ ఒక్కటి ఊడబెరికి మరొకటి గుచ్చుకోవచ్చు. రబ్బరు పొర చెడితే సాధారణంగా కీబోర్డు మొత్తం చెత్తబుట్టకే.

కాబట్టి కొనబోయేవాళ్ళకు నా మనవి. దుకాణంలో లైట్లు వేయించుకుని మురిసిపోకండి. కంప్యూటరుకు తగిలించమని, నోట్‌ప్యాడ్ తెరిపించి, తెలుగు పెట్టించి, "ఒక కొత్త ఒత్తు" అని కొట్టండి. ఒకారం ఎఫ్ఎన్ పట్టుకోకుండానే పడాలి, ఒత్తు దిగాలి, విండోస్, స్పేస్ నొక్కితే భాష మారాలి, మోత మీ ఇంటికి తగినంతే ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే అది ఆటల కీబోర్డైనా తీసుకోండి. కుదరకపోతే ఎంత పేరున్నదైనా వదిలేయండి.