కడిమి మొక్క నాటే ముందు పేరు తేల్చుకోవాలి

కాఫీ కుటుంబమైన రూబియేసీకి చెందిన కదంబం పెద్ద ఆకులతో, నారింజ రంగు బంతుల వంటి పూలగుత్తులతో శీఘ్రంగా ఎదిగే వృక్షం. దీని మెత్తని కలప ప్లైవుడ్‌కు, అగ్గిపుల్లలకు, కాగితపు గుజ్జుకు పనికివస్తుంది. అయినప్పటికీ నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట వంటి మెట్ట మండలాల్లోని ఎర్ర చల్క నేలలకు దీనిని సిఫారసు చేయడం సముచితం కాదని నా అభిప్రాయం.

కదంబం సహజంగా తేమ అడవుల చెట్టు. లోతైన ఒండ్రు నేల, నిలకడైన తేమ ఉన్నచోటే దాని వేగం కనిపిస్తుంది. సాలుకు సుమారు 600–700 మిల్లీమీటర్ల వర్షంతో, లోతు తక్కువైన నేలలో అంతటి పెరుగుదలను ఆశించలేము. పంటలో పొరపాటు ఒక్క కారులో బయటపడుతుంది. చెట్టు విషయంలో పొరపాటు తెలిసేసరికి రైతుకు ఏళ్ల కాలం వృథా అవుతుంది.

చిక్కు పేరులోనూ ఉంది. కదంబంతో పాటు పసుపు కడిమి, నీటి కడిమి కూడా ‘కడిమి’ అన్న ఒక్క మాటతో చలామణి అవుతున్నాయి. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ సైతం ఈ మూడింటినీ నాక్లియా ప్రజాతిలోనే చేర్చాడు. తరువాత నీటి కడిమి మిట్రాగైనాలో చేరగా, పసుపు కడిమికి 1978లో హాల్డినా, కదంబానికి 1984లో నియోలమార్కియా అనే ప్రజాతులు ఏర్పడ్డాయి. హృదయాకారపు ఆకు పసుపు కడిమిది. పొడవైన పెద్ద ఆకు కదంబానిది. నీటి కడిమి ఆకు వీటికంటే చిన్నది.

పసుపు కడిమి, నీటి కడిమి నల్లమల ఆకురాల్చు అడవుల్లో సహజంగా పెరిగేవే. మొదటిది గట్టి, నునుపైన పసుపు కలపనిస్తుంది. రెండవది చెరువు గట్ల వద్ద, కొంతకాలం నీరు నిలిచే పల్లాల్లోనూ తట్టుకుంటుంది. ఇవి నెమ్మదిగా ఎదుగుతాయన్న ఆక్షేపణ నిజమే. విత్తనం ధూళి వలె సూక్ష్మం కావడంతో నారు పెంచడమూ కష్టమే. నర్సరీలు వీటి జోలికి అంతగా పోకపోవడానికి అదే కారణమైతే, ఆ కష్టాన్ని తొలగించే బాధ్యత పరిశోధనది.

అందుకు పొరుగునే ఉన్న పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం తగిన వేదిక. చల్క నేలలో, చెరువు ఆయకట్టులో ఈ మూడింటినీ పక్కపక్కనే నాటి, బతికిన మొక్కల శాతాన్ని, కాండం చుట్టుకొలతను ఏటా నమోదు చేయాలి. ఈలోగా ప్రతి నర్సరీ మొక్కకు శాస్త్రీయ నామం తెలిపే చీటీ తప్పనిసరి చేయాలి. నేల లోతు, వేసవిలో నీటి లభ్యత పరిశీలించకుండా విస్తరణ శాస్త్రవేత్తలు ఏ కడిమినీ సూచించరాదు.