కానుకకు తూనిక

ఉద్దానమున పుట్టి దూరపు పట్టణమున కాపురముండు బిడ్డకు ఇంటినుండి ఒక పనసపండో, నాలుగు కొబ్బరికాయలో, గుప్పెడు జీడిపప్పో వచ్చును. అవి ఆ పట్టణపు బజారులో దొరకనివి కావు. అయినను మూట విప్పునపుడు కన్ను చెమర్చును. ఏల? ఆ పండుతోపాటు పెరటిచెట్టు వచ్చినది. బిడ్డకు ఏది ఇష్టమో మరువని మనసు వచ్చినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అట్టి తోటలో మిగిలిన చెట్టు కాయను ఏ త్రాసు తూచగలదు?

ఇచ్చువారు మాత్రము తరచు వెలనే తలంతురు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్లిన్, ఆడమ్స్ అను పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశీలనలో ఈ భేదమే తేలినది. వెల హెచ్చినకొలది మెప్పు హెచ్చునని ఇచ్చినవారు భావించిరి. పుచ్చుకొన్నవారి కృతజ్ఞతకు వెలతో అట్టి సంబంధము కానరాలేదు. అంగడిలో నిలిచినవానికి పది వస్తువులు, పది ధరలు కనబడును. అందుకొన్నవానికి ఒక్క వస్తువు, దాని వెనుక ఒక్క మనిషి కనబడును.

పెండ్లిండ్లలో చదివింపులను పుస్తకమున వ్రాసికొని, తిరిగి వారింటి శుభకార్యమున చెల్లించుట తెలుగునాట ఆచారము. ఖర్చులో పడిన కుటుంబమునకు అది ఊతయే. దానిని తప్పు పట్టరాదు. కాని అది చేబదులునకు చుట్టము. లెక్క తీరినచో మరపునకు వచ్చును. మనసు తెలిసి ఇచ్చిన కానుకకు లెక్క తీరుట యనునది లేదు.

కుచేలుని కథ బడిపిల్లలు ఎరిగినదే. ద్వారక వైభవమును చూచి ఆయన కొంగున ముడిచిన అటుకులను ఇచ్చుటకు సిగ్గుపడెను. కృష్ణుడే అడిగి తీసికొనెను. ఇచ్చువాని సిగ్గును పోగొట్టుట పుచ్చుకొనువాని ధర్మమని ఆ కథలోని మర్మము.

ఏటేట సెప్టెంబరు 5వ తేదీన, ఉపాధ్యాయ దినోత్సవమునాడు, తరగతి గదిలో ఆ ఘట్టమే మరల నడచును. ఒక బాలుడు ఖరీదైన కలమును తెచ్చును. మరియొకడు పెరటిపువ్వును చేతిలో దాచుకొని వెనుకబల్లపై కూర్చుండును. గురువు చూపు కలముపై ఒక్క క్షణము ఎక్కువ నిలిచినను తరగతి యంతయు గ్రహించును. ఆనాటి పాఠము అదియే యగును. ఆ వెనుకబల్ల వద్దకు తానే నడచి వెళ్ళి చేయి చాచిన గురువు, ఆ బాలునికి జన్మాంతము నిలుచు కానుక నిచ్చినవాడగును.