పాత నంబరు, కొత్త పలక

నల్లని రేకుపై తెల్లని అక్షరాలతో మెరిసే పాతకాలపు నంబరు ప్లేటు అంబాసిడర్‌కో, ఫియట్‌కో ఎంత అందం తెచ్చినా, దానిని తగిలించుకుని రోడ్డెక్కడం నేటి నిబంధనలకు విరుద్ధం. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన ప్రతి కొత్త వాహనానికీ హై సెక్యూరిటీ నంబరు ప్లేటు సమకూర్చే బాధ్యత తయారీదారులపై పడింది. అంతకు ముందు రిజిస్టరైన వాహనాలు సైతం ఆ పలకనే అమర్చుకోవాలని ఛత్తీస్‌గఢ్‌తో సహా పలు రాష్ట్రాలు ఆదేశించాయి. భిలాయి ఉక్కు పట్టణంలోని సెక్టర్ 7 మొదలు హైదరాబాద్ వీధుల వరకు, పాత కార్లను ప్రాణప్రదంగా చూసుకునే వారికి ఇది మింగుడుపడని విషయమే. ఇందులో మమకారానికి చోటెంత, చట్టానికి చోటెంత అన్నది నిదానంగా ఆలోచించవలసి ఉంది.

హై సెక్యూరిటీ పలక అధికారుల సరదా కోసం పుట్టినది కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 2001లో సవరించి దీనిని ప్రవేశపెట్టారు. 2004లో సుప్రీంకోర్టు ఈ పథకాన్ని సమర్థించింది. అయినా రాష్ట్రాలు ఏళ్ల తరబడి తాత్సారం చేయడంతో, మణీందర్‌జిత్ సింగ్ బిట్టా దాఖలు చేసిన వ్యాజ్యంలో న్యాయస్థానం వాటిని గట్టిగా మందలించవలసి వచ్చింది. అల్యూమినియం పలకపై అశోక చక్రపు హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన శాశ్వత సంఖ్య, ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడిరాని తాళం దీని ప్రత్యేకతలు. గుద్ది పారిపోయిన కారును పట్టుకోవాలన్నా, దొంగిలించిన బండి ఆచూకీ తీయాలన్నా మొదటి ఆధారం నంబరే. పైగా కెమెరా చూసి చలానా పంపే ఈ కాలంలో, ఒకరి నంబరును మరొకరు తగిలించుకుంటే శిక్ష నిరపరాధికి పడుతుంది.

అలాగని పాత నంబరుకు విలువ లేదనలేము. సోవియట్ సహకారంతో నెలకొన్న భిలాయి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959లో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటికి ఆ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో భాగం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అవతరించింది. ఉపాధి కోసం వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ మార్పులన్నీ చూశాయి. 1970లో అక్కడ రిజిస్టరైన కారు నంబరులో నేటి రాష్ట్రం పేరు కానరాదు. తెలంగాణలోనూ ఇదే కథ. ‘ఏపీ’ పోయి 2014లో ‘టీఎస్’, అది పోయి 2024లో ‘టీజీ’ వచ్చాయి. కొన్ని అక్షరాలు, అంకెలలోనే ఒక ప్రాంతపు చరిత్ర ఇమిడి ఉంటుంది.

ఈ సంగతి గుర్తించే కాబోలు, కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో మౌలికమైన మార్పులు చేయని సొంత వాహనాలకు ఇవి వర్తిస్తాయి. లోగడ రిజిస్టరైన వాహనం తన పాత నంబరును నిలుపుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే దానికి రాష్ట్ర సంకేతం తరువాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆపైన పునర్నమోదుకు 5,000 రూపాయలు. అయితే పాత సంఖ్యను కాపాడిన ఈ నిబంధనలు పాత పలక రూపానికి ప్రత్యేక సడలింపు ఇవ్వలేదు.

సామాన్యుడి చిక్కు మరొకటి ఉంది. వింటేజ్‌గా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డు మీదికి తేవాలి. సెక్టర్ 7లో ఒక విశ్రాంత ఉద్యోగి తన పాత అంబాసిడర్‌లో రోజూ బజారుకో, దుర్గ్ స్టేషనుకో వెళ్లాలంటే ఆ హోదా పనికిరాదు. మామూలు కారుగానే ఉంచుకుందామంటే అయిదేళ్లకొకసారి రెన్యువల్ తప్పదు. దాని రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేశారు. సంపన్నుల గ్యారేజీలలోని కార్లకు దారి దొరికింది కాని, వాడుకలో ఉన్న కారుకు భారమే మిగిలింది.

ఇక కొత్త బండికి పాత రూపం తొడిగి, దానికి తగినట్లు పాత పలక తగిలించే వారి సంగతి వేరు. వాహనం వయస్సును దాని తొలి రిజిస్ట్రేషన్ తేల్చుతుంది, ఆకారం కాదు. తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పైగా నల్లని పలకపై పసుపు అక్షరాలు నేడు అద్దెకు తిరిగే సెల్ఫ్ డ్రైవ్ కార్లకు గుర్తు. రంగుకు ఒక అర్థం ఉన్నప్పుడు దానిని అలంకారంగా వాడడం తికమకకే దారితీస్తుంది.

బ్రిటన్‌లో 1980కి ముందు తయారై చారిత్రక వాహనాల తరగతిలో నమోదైన కార్లు నాటి నల్ల పలకలనే వాడుకోవచ్చు. అమెరికాలోని పలు రాష్ట్రాలు కారు తయారైన సంవత్సరపు పలకకు అనుమతిస్తున్నాయి. కల్తీ నంబర్ల బెడద ఉన్న మన దేశంలో అంత స్వేచ్ఛ తగదు. కాని యాభై ఏళ్లు దాటిన అసలైన కారుకు, రికార్డులలో ఉన్న నంబరుతోనే, ప్రదర్శనలలోను, ర్యాలీలలోను హై సెక్యూరిటీ పలక పక్కన పాత పలకను కూడా చూపుకునే వెసులుబాటు కల్పిస్తే వచ్చే నష్టమేమీ లేదు. పరిమితంగా తిరిగే పాత కార్లకు రెన్యువల్ రుసుము తగ్గించడం కూడా న్యాయమే. నకిలీ పాతదనంపై మాత్రం దయ చూపనక్కర లేదు. రోడ్డు మీద పలక ఉన్నది చూసేవారి కనులపండువకు కాదు, ప్రమాదంలో పడ్డవారికి న్యాయం జరగడానికి. ఈ రెండింటి మధ్య హద్దు గీయవలసిన బాధ్యత ప్రభుత్వానిది, దానిని మన్నించవలసిన బాధ్యత యజమానులది.