పెళ్లిలో డీజే సరే, పిల్లల చేతిలో వీణ తప్పా?

మన ముస్లిం ఇళ్లలో సంగీతం లేదని ఎవరైనా అంటే నమ్మగలమా? బరాత్ ముందు బ్యాండు మోగుతుంది. వలీమా విందుకు సౌండు బాక్సులు వస్తాయి. అబ్బా సెల్‌ఫోను మోగితే వినబడేది సినిమా పాటే. పసివాడికి నాలుగు ముద్దలు తినిపించాలన్నా ఫోనులో పాట పెట్టవలసిందే. ఇన్ని పాటల మధ్య పెరిగిన పిల్లవాడు ఒకనాడు, "అబ్బా, నేను వీణ నేర్చుకుంటాను" అంటే మాత్రం ఇంటిల్లిపాదికీ హఠాత్తుగా షరీఅత్ గుర్తుకు వస్తుంది. "తౌబా తౌబా! మన ఇంట్లో అలాంటివి పనికిరావు" అని గద్దించి వాడి నోరు మూయిస్తారు. ఆ సాయంత్రమే మళ్లీ అందరూ టీవీ ముందు కూర్చుంటారు.

వినడానికి అడ్డురాని ధర్మం నేర్చుకోవడానికి మాత్రమే అడ్డువస్తే పిల్లవాడు ఏమని అర్థం చేసుకోవాలి? పెద్దలకు ఇష్టంలేని పనికి పెట్టే పేరే ధర్మమని అనుకుంటాడు. రేపు మనం నమాజు గురించి చెప్పినా, నిజాయితీ గురించి చెప్పినా ఆ చెవితోనే వింటాడు. కనుక పిల్లల సంగీతం విషయంలో తల్లిదండ్రులు 'కాదు' అనవచ్చు, 'ఔను' అనవచ్చు. ఏది చెప్పినా తెలుసుకుని చెప్పాలి. ఇంట్లో అందరికీ ఒకే న్యాయం పెట్టి చెప్పాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే.

ఈ ప్రశ్న ఇతర ఊళ్లకంటే మన బొబ్బిలివారికి దగ్గరది. బొబ్బిలి అనగానే లోకానికి 1757 నాటి యుద్ధం గుర్తుకు వస్తుంది, ఆ వెంటనే వీణ గుర్తుకు వస్తుంది. ఊరి పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా పనస దుంగను తొలిచి వీణ చేస్తున్నారు. కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే మానులో మలచడం ఇక్కడి ఏకాండి వీణకు పేరు తెచ్చింది. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. 50 కిలోమీటర్లకు పైబడిన దూరంలో విజయనగరం మహారాజా సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల, పి.సుశీల అక్కడ చదివినవారే. తమ కొలువులోని ఒక ఉద్యోగి అంధ బాలుడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతోనే మహారాజా ఆ కళాశాలను పెట్టారని చెబుతారు. ఇంత చేరువలో ఇంత విద్య ఉన్నప్పుడు మన పిల్లల చెవి అటు మళ్లడంలో వింత ఏముంది?

ధర్మవేత్తలు ఏమన్నారు?

ఈ విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. దాన్ని దాచి ఒకే మాట చెప్పడం అమానతు అనిపించుకోదు.

మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో పెద్దల అభిప్రాయం కఠినంగానే ఉంది. నికాహ్, పండుగ సందర్భాల్లో దఫ్ వాయించడం తప్ప తక్కిన వాయిద్యాలను వారు సమ్మతించలేదు. ఖుర్‌ఆన్ లుఖ్మాన్ సూరా 6వ ఆయతులో దైవమార్గం నుంచి మళ్లించే కాలక్షేపపు మాటల ప్రస్తావన ఉంది. దాని భావం పాటేనని హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) అన్నారు. మద్యాన్నీ, పట్టునూ, వాయిద్యాలనూ ధర్మసమ్మతం చేసుకునే జనం వస్తారన్న హెచ్చరిక బుఖారీ గ్రంథంలో ఉంది. ఇవి తేలికగా తోసివేయదగిన మాటలు కావు.

కాగా, మరో పక్క కూడా ఉంది. ఈద్ నాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) కోప్పడ్డారు. అది పండుగ రోజని చెప్పి, వారిని పాడనివ్వమన్నారు దైవప్రవక్త (స). స్పెయిన్‌కు చెందిన ఇబ్ను హజ్మ్ (మరణం 1064) వాయిద్యాలను నిషేధించే హదీసులు బలహీనమైనవని వాదించారు. ఇమామ్ గజాలీ (మరణం 1111) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో సమా గురించి ఒక భాగమే రాశారు. పాట దానంతట అది హరామ్ కాదనీ, దానితో కలిసే మద్యం, అసభ్యత, మనిషిలో అది లేపే భావం దాన్ని హరామ్ చేస్తాయనీ వివరించారు. అయినా తాగుబోతుల సభలకు గుర్తుగా మారిన కొన్ని తీగ వాయిద్యాలను, ఊదే వాయిద్యాలను వారు కూడా వద్దన్నారు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) సమా విన్నారు, కాని షరతులు పెట్టారు. మాట అసభ్యంగా ఉండరాదు, వినేవాడు దైవస్మరణలో ఉండాలి, వాయిద్యాలు ఉండరాదు అన్నవి వాటిలో ఉన్నాయి. మన కాలంలో యూసుఫ్ అల్ ఖర్జావీ (మరణం 2022) షరతులతో అనుమతించినవారిలో ఉన్నారు.

నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వడం నా పని కాదు. మీకు నమ్మకమున్న ఆలింను అడగండి. అయితే ఒకటి గమనించండి. వద్దన్న పెద్దలెవరూ 'వినండి, నేర్చుకోవద్దు' అనలేదు. వారి మాట ప్రకారం పిల్లవాడి చేతిలోని వీణకంటే ముందు ఇంటి బయటకు వెళ్లవలసినది పెళ్లిలోని డీజే. ఇక సరేనన్న పెద్దలు కూడా హద్దులు లేకుండా సరే అనలేదు. ఏ పక్షం తీసుకున్నా మన ఇళ్లలో నడుస్తున్న పద్ధతికి మాత్రం ఆధారం దొరకదు.

'కాదు' అనే ఇంట్లో

మీ ఆలిం వద్దన్నారు, మీకూ అదే సరి అనిపించింది. మంచిది. అప్పుడు ఆ నియమం ముందు పెద్దల నుంచి మొదలు కావాలి. ఇంట్లో సినిమా పాట ఆగాలి, పెళ్లికి బ్యాండు మాట్లాడడం ఆగాలి. తరువాత పిల్లవాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని కారణం చెప్పండి. కొట్టకండి, పదిమందిలో ఎగతాళి చేయకండి. వాడు దొంగతనం చేయలేదు, ఒక విద్య అడిగాడు.

అంతటితో పని అయిపోదు. స్వరం తెలిసే చెవి అల్లాహ్ ఇచ్చిన నిఅమత్. దానికి మరో దారి చూపించాలి. హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) పారాయణం విని దైవప్రవక్త (స) మెచ్చుకుంటూ, ఆ కంఠాన్ని దావూదు (అలై) వంశానికి లభించిన మధురవాద్యంతో పోల్చారు. పిల్లవాణ్ని మంచి ఖారీ దగ్గరకు పంపండి. మఖారిజ్, తజ్వీద్ నేర్చుకోవడం కూడా ఏళ్లు పట్టే సాధనే. ఈజిప్టు ఖారీ అబ్దుల్ బాసిత్ అబ్దుస్సమద్ (1927-1988) పారాయణం వినిపించండి. మస్జిదులో అజాన్ ఇచ్చే అవకాశం ఇప్పించండి, నాతులు నేర్పించండి. ఏ దారీ చూపించకుండా తలుపు మాత్రమే మూసిన ఇంట్లో పిల్లవాడు దుప్పటి ముసుగులో ఫోను పెట్టుకుంటాడు. అప్పుడు వాడు వినే పాట ఏదో మీకు తెలియదు.

'ఔను' అనే ఇంట్లో

సరేనన్న తల్లిదండ్రులకు పని ఇంకా ఎక్కువ. మొదటిది గురువుగారితో మాట్లాడడం. మన దక్షిణాది సంగీతంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాల వరకు అంతా స-రి-గ-మలే. ఆ తరువాత వచ్చే పిళ్లారి గీతాలు దైవస్తుతులు, ముందుకు పోతే కృతులలో చాలావరకు అంతే. అలాగే విజయదశమికి వాయిద్యాలను పూజించడం హిందూ సోదరుల ఆచారం. ఇవన్నీ పిల్లవాడికి ఎదురైనప్పుడు కంగారు పడేకన్నా చేరిన రోజునే గురువుగారికి చెప్పుకోవడం మర్యాద. "అయ్యగారూ, మీ విద్య మాకు కావాలి. పూజలో మాత్రం మా వాడు పాల్గొనలేడు, తప్పుగా తీసుకోవద్దు" అంటే అర్థం చేసుకోని గురువులు అరుదు. గాత్రం నేర్చుకునేవారు నోటితో పలకాలి, వీణపై వేళ్లు స్వరాన్ని మాత్రమే పలికిస్తాయి. కనుక వాయిద్యం ఎంచుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. ఎంత తగ్గినా గురువు విశ్వాసాన్ని గౌరవించడం, తన విశ్వాసాన్ని నిలుపుకోవడం రెండూ పిల్లవాడికి ఇంట్లోనే నేర్పాలి.

రెండవది వాయిద్యం ఎంపిక. మన ఊరి పేరుందని ఎనిమిదేళ్ల పిల్ల ముందు పెద్ద వీణ పెట్టకూడదు. వీణ సుమారు 4 అడుగుల పొడవుంటుంది. మైనంలో నిలిపిన 24 మెట్లపై తీగను నొక్కి లాగాలి. వాయించే తీగలు 4, తాళం తీగలు 3. చిన్న చేతికి అది భారం. వయొలిన్ అయితే పిల్లల కొలతల్లో దొరుకుతుంది. వేణువు ఖర్చు తక్కువ, కాని ఊపిరి కుదరడానికి ఓర్పు కావాలి. మామూలు కీబోర్డు చౌకే గాని మన సంగీతానికి ప్రాణమైన గమకం దానిపై పలకదు. దుకాణాల్లో బహుమతులకు అమ్మే బొమ్మ వీణ అలమారలో పెట్టుకోవడానికే. వస్తువు కొనడానికి ముందు ఆరు నెలలు గురువుగారి దగ్గరున్న వాయిద్యం మీద నేర్పించండి. ఎవరూ చెప్పకుండా పిల్లవాడు దాని దగ్గర కూర్చుంటున్నాడా లేదా చూడండి. కూర్చుంటుంటే అప్పుడు గొల్లపల్లికి గురువుగారిని వెంటబెట్టుకుని వెళ్లి కొనండి.

మూడవది వేళ. ఫజర్ నమాజు తరువాత అరగంట సాధనకు మించిన సమయం లేదు. క్లాసు మగ్‌రిబ్ వేళకు పడకుండా ముందే మాట్లాడుకోవాలి. మాజీ రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం నమాజు చేసేవారు, వీణా వాయించేవారు. రెంటికీ ఆయనకు రోజులో చోటు దొరికింది. షహనాయి ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్‌కు 2001లో భారతరత్న వచ్చింది. ముహర్రం రోజులను ఆయన ఎంత భక్తితో గడిపేవారో దేశమంతా ఎరుగును.

నాలుగవది ప్రదర్శన. మూడు నెలలు నేర్చిన పిల్లవాణ్ని టీవీ పోటీలకు తీసుకుపోవడం, ప్రతి పాటను ఫోనులో తీసి ఊరంతా పంపడం విద్యకు చేటు. ఆడపిల్లల విషయంలో హయా, వేదిక, దుస్తులు అన్నవి ఆ పిల్లతోనే మాట్లాడి ముందే నిర్ణయించుకోవాలి. అన్నకు ఔను, చెల్లెలికి కాదు అనే ఇల్లు కూడా నేను పైన చెప్పిన ఒకే న్యాయం తప్పినట్టే.

పై చదువు, బతుకుతెరువు

ముస్లింలకు ఈ విద్య కొత్త అనుకునేవారు మన కోస్తా నాదస్వర కుటుంబాలను చూడాలి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద నేర్చుకున్నారు. అంతటితో ఆగక తంజావూరు బాణీ కోసం తమిళ దేశం వెళ్లి మళ్లీ శిష్యరికం చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఆయనకు దక్కాయి. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మహిళలు నాదస్వరం పట్టడమే అరుదైన చోట కాలీషాబీ ఆ స్థాయికి చేరారు. వీరు వాయించిన చోట్లు ఎక్కువగా దేవాలయాలు, దానిపై మనలో భిన్నాభిప్రాయం ఉంటే ఉండవచ్చు. కాని పై చదువంటే ఏమిటో వీరిని చూసి నేర్చుకోవాలి. ఉన్న ఊళ్లో పేరు వచ్చాక కూడా మరో గురువు ముందు చేతులు కట్టుకుని నిలబడగలగడమే పై చదువు.

మన పిల్లలకు దారి ఇలా ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లమో రెండేళ్లు. తరువాత విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సంగీత శాఖ ఉంది. ఆడపిల్లలకు తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. సంగీతంలో డిగ్రీ ఉన్నవారికి కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టులు ఉన్నాయి, ఆకాశవాణిలో ఆడిషన్ ద్వారా గ్రేడు పొందవచ్చు. ఇవన్నీ కలిపినా ఉద్యోగాలు కొద్దే. కనుక సంగీతం కోసం ఇంటర్, డిగ్రీ మాన్పించవద్దు. డిగ్రీ చదువుతూనే డిప్లమో పూర్తిచేయవచ్చు. పదిమందిలో తొమ్మిదిమందికి ఈ విద్య జీవితాంతం తోడుగా ఉంటుందే గాని జీతం కాదు. ఆ మాట పిల్లవాడికి మొదటే చెప్పాలి.

సోదర సోదరీమణులారా! పిల్లలు అడిగే ప్రతి దానికీ ఔననమని నేను చెప్పడం లేదు. అడిగినప్పుడు ఒక రాత్రి ఆలోచించండి, ఆలింను అడగండి, భార్యాభర్తలు మాట్లాడుకోండి, పిల్లవాడి మాట కూడా వినండి. మీరు చెప్పే జవాబు మీ మీద మీరు అమలు చేసుకున్నదై ఉండాలి. ఆ జవాబు కాదన్నదైనా పిల్లవాడు కొన్నాళ్లకు మరచిపోతాడు. తనకు ఒక న్యాయం, పెద్దలకు ఒక న్యాయం పెట్టారన్నది మాత్రం వాడు మరచిపోడు.

మన సంతానం విషయంలో న్యాయంగా మెలిగే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.