సంతకం ఎవరిది?

పోయిన నెల ఒక ఆసుపత్రి వార్డులో మా చిన్నమ్మ పక్కన కూచున్నాను. రొమ్ములో గడ్డ. స్కానింగ్‌లో జబ్బు వెన్నెముకకూ పాకినట్టు తేలింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆపరేషన్ కాగితం మీద తమ్ముడు సంతకం చేసేశాడు. "ఇది తీసేస్తే ఇంక ఇంటికి పోవచ్చు గద బిడ్డా?" అని చిన్నమ్మ అడిగింది. ఏళ్ళ తరబడి పరిశోధన పేరుతో స్త్రీలను ప్రశ్నలడిగిన నేను, ఆమె ప్రశ్నకు తలూపి ఊరుకున్నాను.

గడ్డ పుట్టిన చోటు కోసేస్తే జబ్బు పోతుందనుకోవడం సహజం. డాక్టర్లూ చాలాకాలం అలాగే ఆశపడ్డారు. ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కువకాలం బతికినట్టు ఆసుపత్రి రికార్డులు చూపేవి. కాని ఆపరేషన్‌కు ఎంచుకున్నదే వయసులో చిన్నవాళ్ళను, జబ్బు తక్కువ పాకినవాళ్ళను! అసలు పరీక్ష మన దేశంలోనే జరిగింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2005-2013 మధ్య, కీమోకు లొంగిన 350 మంది స్త్రీలను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రొమ్ముకూ చంకకూ ఆపరేషన్, రేడియేషన్. రెండో జట్టుకు అవి లేవు. 2015లో ఫలితాలు వచ్చాయి. మొదటి జట్టులో సగంమంది 19.2 నెలలు దాటి బతికితే, రెండో జట్టులో సగంమంది 20.5 నెలలు దాటారు. లెక్కలోకి వచ్చే తేడా కాదది. 2022లో వెలువడిన అమెరికా అధ్యయనంలోనూ మూడేళ్ళకు రెండు జట్లలో నూటికి 68 మందే మిగిలారు. టర్కీలో ముందే ఆపరేషన్ చేసిన జట్టు మెరుగ్గా కనిపించింది గాని, అందులో హార్మోన్ మందులకు లొంగే రకం జబ్బున్నవాళ్ళు ఎక్కువ పడ్డారు.

అంటే ఆయుష్షు పెంచేవి ఒళ్ళంతా తిరిగే మందులే: కీమో, హార్మోన్ మాత్రలు, గడ్డ రకాన్నిబట్టి ట్రాస్టుజుమాబ్ వంటి ఇంజక్షన్లు. ఆపరేషన్ వృథా అనను. గడ్డ పగిలి పుండై, వాసనకు అయినవాళ్ళే దూరం జరిగే స్థితిలో అది పెద్ద ఊరట. అమెరికా అధ్యయనంలో ఆపరేషన్ లేనివాళ్ళలో నూటికి 40 మందికి మూడేళ్ళలో రొమ్ము దగ్గర జబ్బు ముదిరింది. అయినవాళ్ళలో 16 మందికే. ఆ ఊరట కోసం కోయించుకోవడం వేరు, బతుకు పొడిగిస్తుందని నమ్మించి కోయడం వేరు.

మందులంటే ప్రతి నెలా ఖర్చు, ప్రయాణం, పోయే కూలి. ఆపరేషన్ ఒక్కరోజుతో అయిపోతుంది, ఇంటివాళ్ళకు 'ఏదో చేశాం' అన్న తృప్తి మిగులుతుంది. పైగా పిల్లలు పుట్టాక ఆడదాని రొమ్ము, గర్భసంచి తీసి పారేయదగినవనే చూపు ఉండనే ఉంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల గురించి మనం ఎన్నిసార్లు మాట్లాడుకోలేదు! మత్తులో ఉన్న సమీరా కోహ్లికి తల్లి అంగీకారంతో గర్భసంచి తీసేస్తే, ఆ అంగీకారం చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మరి కొడుకు సంతకం?

మర్నాడు చిన్నమ్మకు అంతా చెప్పాను. తమ్ముడు నాతో మాట మానేశాడు. ఆమె చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత అడిగింది: "మందులకు నెలకు ఎన్నిసార్లు రావాలె? బస్సుల రావచ్చునా?"