డిస్కు కుదింపు: ఎక్కడ మేలు, ఎక్కడ కీడు?

తక్కువ చోటులో ఎక్కువ వస్తువులను సర్దుకోవడం మన ఇళ్లలో గృహిణులకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యనే కంప్యూటరు డిస్కుకు అన్వయిస్తే దానిని కంప్రెషన్, అనగా కుదింపు, అంటారు. ఇంటికంతకూ ఒకే కంప్యూటరు ఉండి, అన్న ప్రాజెక్టు పని, చెల్లెలి పాఠాలు, తమ్ముని ఆటలు అన్నీ దానిపైనే సాగవలసిన కుటుంబాలు మనలో అనేకం. డిస్కు నిండినప్పుడల్లా కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. అట్టి వేళ డ్రైవు మొత్తాన్ని కుదించే ఏర్పాటు కల్పవృక్షం వలె కనబడుతుంది. అయితే వస్తువు స్వభావం ఎరిగి కుదించాలే గాని, అన్నింటినీ ఒకే గాటన కట్టి కుదించరాదని నా అభిప్రాయం.

కుదింపునకు మూలం పునరుక్తి. 1977లో జాకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ అనే శాస్త్రజ్ఞులు ఒక చక్కని మార్గం చూపారు. ముందు వచ్చిన భాగమే తిరిగి వస్తే దానిని మరల వ్రాయక, ఎంత వెనుకకు వెళ్లాలో, ఎంత పొడవు తీసుకోవాలో తెలిపే గుర్తు మాత్రమే ఉంచడం ఆ మార్గం. మన భాషల నుండే ఉదాహరణ తీసుకుందాం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఉర్దూ అక్షరానికి 2 బైట్లు, తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి. తెలుగు సంకేతాలలో మొదటి బైటు ఎల్లప్పుడూ ఒకటే. రెండవ దానికి రెండే రూపాలు. ఇంత పునరుక్తి ఉన్నందున ఒట్టి పాఠంగా దాచిన తెలుగు ఫైలు ఎంతో చక్కగా కుదించుకుంటుంది.

ఆటల సంగతి వేరు. నేటి ఆటలలో అధిక భాగం చిత్రాలు, ధ్వనులు, దృశ్యాలు. వాటిని తయారీదారులే ముందుగా కుదించి పంపుతారు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఆ కుదింపును విప్పడానికి ప్రత్యేక యంత్రభాగమే కలదు. గానుగలో పిండిన చెరకు పిప్పిని మరల గానుగలో పెడితే రసం రాదు. శ్రమ మాత్రం మిగులుతుంది. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ కుదింపు సాధారణంగా ఫైలును 64 కిలోబైట్ల ముక్కలుగా తీసుకొని పనిచేస్తుంది. ఆటకు కొత్త సవరణ వచ్చిన ప్రతిసారీ, మారిన ముక్కలను కుదించే ప్రయత్నం మళ్లీ జరగాలి. ఆ క్రమంలో ఫైలు చెదిరిపోయి, తిరిగే పాత డిస్కులలో ఆట మరింత ఆలస్యంగా తెరుచుకోవచ్చు.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. డిస్కు నెమ్మదిగాను, ప్రాసెసరు వేగంగాను ఉన్నచోట తక్కువ బైట్లు చదవడం వలన కాలం కలిసి రావచ్చు. తయారీదారులు కుదించక విడిచిన కొన్ని పాత ఆటలు నిజంగానే సగానికి తగ్గవచ్చు. కాదనను. కాని అది ఒక్కొక్క ఆటను పరీక్షించి తెలుసుకోవలసిన విషయం. డ్రైవు మొత్తానికి వర్తించే సూత్రం కాదు.

చరిత్ర కూడా ఈ హెచ్చరికనే చేస్తున్నది. 1993లో ఎంఎస్-డాస్ 6తో డబుల్‌స్పేస్ వచ్చింది. అది డ్రైవులోని సమస్తాన్ని ఒకే పెద్ద ఫైలులో ఇమిడ్చేది. ఆనాటి ఆటలకు 640 కిలోబైట్ల ప్రధాన మెమరీయే ప్రాణం. అందులో 40 కిలోబైట్లకు పైగా డబుల్‌స్పేస్ ఆక్రమించేది. దానిని పై మెమరీకి తరలించే నేర్పు లేనివారికి డిస్కులో చోటు దొరికినా, ఆట మొదలయ్యేది కాదు. అంతకన్నా ఘోరం, ఆ ఒక్క ఫైలు చెడితే అందులోని సర్వస్వానికీ ముప్పే. సమాచారం పోయిందన్న ఫిర్యాదులు రాగా, అదే సంవత్సరం 6.2లో అదనపు రక్షణలు చేర్చారు.

విద్యార్థి మిత్రులారా! ఆటలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చోటు చాలనప్పుడు మొదట ఆడి ముగించిన ఆటలను తొలగించండి. పాత నోట్సు, ఒట్టి పాఠపు ఫైళ్లు ఉన్న ఫోల్డర్లను కుదించండి. ఆటలను, ఫోటోలను, వీడియోలను వాటి మానాన విడవండి. కుదించిన ఫోల్డరు ప్రాపర్టీలలో అసలు సైజు, డిస్కుపై ఆక్రమించిన సైజు రెండూ కనిపిస్తాయి. పోల్చి చూస్తే లాభమెంతో మీకే తెలుస్తుంది. అన్నింటికన్నా ముఖ్యం, ప్రాజెక్టు ప్రతిని వేరొకచోట భద్రపరచండి. కుదింపు చోటును పెంచుతుంది గాని భద్రతను పెంచదు. తమ్ముని ఆట పోతే మరల దింపుకోవచ్చు; అన్న ఆరునెలల శ్రమ పోతే దింపుకోవడానికి ఎక్కడా ఉండదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. కంప్యూటరు వాడకం నేర్పుతున్న మనం, దానిలో చోటును పొదుపుగా వాడే విధానాన్ని, బ్యాకప్ తీసుకునే పద్ధతిని కూడా ప్రయోగశాలలో ఒక్క గంట చేయించి చూపితే, కొత్త డిస్కు కొనలేని ఇంటికి అది గొప్ప ఉపకారం కాగలదు.